జామవేరు నాలోకి వచ్చాక

నేను ఒక మురుగునీటి గొట్టాన్ని. బంకమట్టితో చేసి, బట్టీలో కాల్చి, పైన నున్నటి పూత పూసి నన్ను పుట్టించారు. ముప్పయ్యేళ్ల కిందట అనంతపురంలో హుసేనమ్మ ఇంటి పెరట్లో, నాలాంటి మరో తొమ్మిదింటితో కలిపి వరుసగా పాతిపెట్టారు. ఆవిడ బట్టలు కుట్టి బతికే మనిషి. వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు మా గుండానే వీధి కాలువకు చేరేవి. సరిగా పనిచేసినంత కాలం మేము మనుషులకు గుర్తుండం.

మూడేళ్ల కిందట వానలు ఆగిపోయాయి. ఆ రోజుల్లోనే వెంట్రుకంత వేరు ఒకటి, నాకూ పక్క గొట్టానికీ మధ్య అతుకులోంచి లోపలికి వచ్చింది. పోనీలే అనుకున్నాను. మరుసటి ఏటికి అది జడంత అయింది.

ఈ వేసవిలో మురుగు వెనక్కి తన్ని వంటింట్లోకి వచ్చేసింది. హుసేనమ్మ కుట్టుమిషన్ను మంచం మీదికెక్కించింది. ఎదురింటివాళ్లే చెత్త వేశారని రెండు రోజులు తిట్టింది. వెదురుబద్ద పెట్టి పొడిచింది. చివరికి ప్లంబరు ఓబులేసును పిలిచింది.

అతను తవ్వి, నా అంచు పగలగొట్టి, లోపల చెయ్యి పెట్టి లాగాడు. లాగుతూనే ఉన్నాడు. నిలువెత్తు దాటింది, రెండు నిలువులైంది. గొట్టంలాగే గుండ్రంగా, తెల్లగా, వేల పోగుల వేళ్లు! మొదలు మాత్రం ఇంకా పెరట్లోని చెట్టుకే ఉంది.

“అక్కా, ఇది నీ జామచెట్టుదే. కొట్టేయల్ల” అన్నాడు ఓబులేసు.

హుసేనమ్మ తలెత్తి చూసింది. వీధిలో వేపలు కూడా మోడయిన కాలంలో ఆ జామ కాయలతో వంగి ఉంది. వీధంతా తిన్న కాయలవి.

“బోరెండి మూడేండ్లాయ గదప్పా. నేనొక చెంబు నీళ్లు పోసింది లేదు. అంతా అల్లా దయ అనుకుంటి. నా స్నానం నీళ్లు తాగి బతికిండాదా ఇది?” అంటూ కూలబడింది. చిక్కుపడ్డ దారాన్ని విప్పే వేళ్లతో ఆ వేరును మెల్లగా తడిమింది. “కొట్టేది లేదు. ఇంగో దావ చూడు.”

ఓబులేసు గుంతను పక్కకు ఇంకాస్త తవ్వాడు. తర్వాత పక్కగా ప్లాస్టిక్ పైపు వేసి, సందు లేకుండా అతికించి, వంటింటి నీళ్లు అందులోకి మళ్లించాడు. మిగతా తొమ్మిది గొట్టాలనూ పెకిలించాడు. నన్ను మాత్రం చెట్టు దగ్గరే ఉంచి, స్నానాల నీళ్లు నాలోకి వచ్చేలా చేసి, వేళ్లను కోయకుండా నా పక్కనే చుట్టి మట్టి కప్పాడు.

మొదటి చెంబు హుసేనమ్మే పోసింది. నీళ్లు నాలోంచి జారి మట్టిలో ఇంకాయి. చాలాసేపు ఏమీ జరగలేదు. ఆ తర్వాత ఆ తడి కదిలింది. మోటారు లేదు, చప్పుడు లేదు. వేరులోంచి మానులోకి, మానులోంచి ఎక్కడో ఎండలో ఉన్న ఆకుల దాకా అది ఎక్కిపోతోంది.

నీళ్లు పైకి కూడా పోతాయని నాకు ఆ రోజే తెలిసింది.