గాలిగదిలో పదిహేను రోజులు

ఆటగాళ్ల శిక్షణ కేంద్రంలో గాలిగది అతని చేతికిందే ఉండేది. యంత్రం ఆ గదిలో ఆక్సిజన్ తగ్గిస్తుంది. లోపల సైకిలు తొక్కేవాళ్లకు ఎత్తయిన కొండ మీద ఉన్నట్టే ఊపిరి అందదు. మీట తిప్పేది అతనే కాబట్టి ఆటగాళ్లు అతన్ని గాలోడు అని పిలిచేవారు. పదేళ్లుగా మీట తిప్పాడే గానీ, తను సైకిలెక్కిన పాపాన పోలేదు.

అలాంటి మహానుభావుడు పదిహేను రోజుల నుంచి రోజూ గంటసేపు తొక్కుతున్నాడు. అక్కకు ఎముకల్లో మూలుగ పాడైంది. తమ్ముడి మూలుగ తీసి ఎక్కించడానికి సరిపోతుందన్నారు. కొండల మీద ఎర్రకణాలు పెరుగుతాయని కోచ్‌లు చెప్పగా వినీ వినీ, అక్కకిచ్చేది గట్టి సరుకై ఉండాలని పంతం పట్టాడు. ఎరుపు పెరిగితే అంతా పెరిగినట్టేనని అతని లెక్క. అక్కకు వైద్యం చేసే డాక్టరమ్మను అడిగితే వద్దంటుందేమోనని అడగనేలేదు. మూలుగ తీసేముందు చేసే ఆఖరి రక్తపరీక్ష రోజు పొద్దున కూడా తొక్కి, చెమటైనా ఆరకుండా వెళ్లి చెయ్యి చాచాడు.

కాగితం చూసి డాక్టరమ్మ కళ్లద్దాలు సర్దుకుంది.

"తెల్లకణాలు ఇన్ని ఉన్నాయేంటి? జ్వరమేమైనా వచ్చిందా?"

"లేదండీ, గుండ్రాయిలా ఉన్నాను."

రెండు గంటలాగి మళ్లీ తీశారు. ఈసారి వాటిలో ఒక రకం మామూలుకన్నా కిందికి పడిపోయింది. గాలోడికి బుర్ర తిరిగిపోయింది. పొద్దున పొంగిపొర్లినవి మధ్యాహ్నానికి ఎటు పోయినట్టు? రోగం వచ్చిందా, వచ్చి పోయిందా? ఇక దాచలేక తన నిర్వాకమంతా కక్కేశాడు.

"ఒళ్లు బాగా అలిస్తే ఆ కణాలన్నీ ఒక్కసారి రక్తంలోకి వస్తాయి. తర్వాత వేరే చోట్లకు వెళ్లి సర్దుకుంటాయి," అందావిడ. "ఆక్సిజన్ తక్కువైన చోట ఇంకా తేడా రావచ్చు."

"అంటే మంచిదా, చెడ్డదా అండీ?"

"కాస్త చేస్తే మంచిదే. మరీ ఎక్కువైతే జలుబులూ గట్రా తొందరగా పట్టుకుంటాయంటారు, కాదనేవాళ్లూ ఉన్నారు. మీ సంగతి చెప్పలేను. రెండ్రోజులు ఏ పనీ పెట్టుకోకుండా ఇంట్లో కూర్చుని రండి. అప్పుడు మళ్లీ చూద్దాం. మీది సరిగ్గా ఉంటేనే మీ అక్క పాత మూలుగను తుడిచేసే మందులు మొదలుపెట్టేది."

బుద్ధిగా కూర్చున్నాడు. రెండో రోజు సాయంత్రం గొంతు గరగర, తెల్లారేసరికి జ్వరం.

"గదివల్లేనా అండీ? ఆవేళ మీ దగ్గర్నుంచి ఇంటికొస్తుంటే బస్సులో పక్కనాయన తుమ్ముతూనే ఉన్నాడు," అన్నాడు ఫోనులో.

"ఏదైనా కావచ్చు. మీకు పూర్తిగా తగ్గాలి. కనీసం పది రోజులు వాయిదా."

గాలోడికి ఏడుపొచ్చింది. తప్పు తనదైతే తలదించుకునేవాడు, బస్సుదైతే తిట్టుకునేవాడు. రెండింటికీ వీల్లేకుండా పోయింది. ఆ సంగతి అక్కకు చెప్పడానికి గంటసేపు ఫోను చేతిలో పెట్టుకుని తిరిగాడు.

"నీకోసమే తొక్కానక్కా."

"తెలుసురా పిచ్చోడా. పది రోజులే కదా, ఆగుతాలే," అంది అక్క. ఊరడింపుకు అందో, నిజంగానే అందో అంతుపట్టలేదు.

మళ్లీ డాక్టరమ్మకు చేశాడు. "మా అక్క పది రోజులు ఆగగలదా అండీ?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"ఆగేలా చూస్తున్నాం," అందావిడ.

అది అవునో కాదో గాలోడికి అర్థం కాలేదు. ఇంకోసారి అడగడానికి ధైర్యం చాల్లేదు.