పై కడ్డీ

మా ఆయన నర్సింహులుకు ఒక రోగముంది. ఏది చూపించి ఎవరిదని అడిగినా "మా సార్‌ది" అంటాడు. కనకమామిడిలో ఈ ఫామ్‌హౌస్ కాపలాకు చేరి పదకొండేళ్లయింది. ఇక్కడి మామిడిచెట్లు సార్‌వి, కుక్కలు సార్‌వి, బోరు మోటారు సార్‌ది. అంతవరకు నిజమే. ఒకసారి బస్సులో ఎవరో ఆయన చేతిలోని గొడుగు చూసి ఎవరిదని అడిగితే కూడా అదే మాట అన్నాడు. ఆ గొడుగు నేను మొయినాబాద్‌లో కొన్నది. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. నవ్వకుండా ఉండాల్సింది.

సైకిల్ సంగతి ఎండాకాలంలో మొదలైంది. మా సార్ ప్రభాకర్ గారు సిటీలో ఉంటారు. ఫామ్‌హౌస్‌ను పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు కిరాయికి ఇవ్వాలనుకుని వెనకున్న రేకుల షెడ్డు ఖాళీ చేయించారు. విరిగిన కూలర్లు, చెదలు పట్టిన మంచాలు, పాత టైర్ల మధ్య నుంచి ఒక సైకిల్ బయటపడింది. సార్ దాన్ని బూటు కాలితో పక్కకు నెట్టి, "ఇది కూడా పాత సామాన్లవాడికి వేసెయ్యండి" అన్నారు. ఆ నెట్టడం నేను కళ్లారా చూశాను.

నేను సైకిల్ షాపులో పెరిగినదాన్ని. మా బాపు రామన్నకు చేవెళ్ల బస్టాండు పక్కన గంటల లెక్కన సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం ఉండేది. ఎనిమిదో తరగతికే చక్రం వంకర తీయడం నాకు వచ్చు. అందరికీ మోటారు బండ్లు వచ్చాక దుకాణం మూతపడింది గానీ నా చేతులు పని మరిచిపోలేదు. ఆ తుప్పు కింద ఏముందో చూడగానే తెలిసిపోయింది. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్, వెనక పళ్ల చక్రాలు ఐదు, ముందు రెండు, గొలుసును ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి జరిపే గేరు, ముందూ వెనకా సామాను పెట్టుకునే క్యారేజీలు. ఊళ్లకు ఊళ్లు దాటి పోవడానికి చేసిన విలాయతి సైకిల్ అది.

"సార్, ఇది నేను తీస్కుంట" అన్నాను.

"తీసుకోమ్మా, చెత్త తగ్గుతుంది" అన్నారు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. నేనైతే పెట్టుకున్నాను.

సైకిల్ నాకు సరదా కాదు. మా అత్త పేరున ఊరి చివర పావెకరం ఉంది. అందులో పాలకూర, మెంతి, కొత్తిమీర వేస్తాను. పొద్దున్నే మొయినాబాద్‌కు తీసుకుపోదామంటే ఆటోవాళ్లు సీట్లు తడుస్తాయని మొహం తిప్పుకుంటారు. బస్సు ఆగితే ఆగుతుంది, లేకపోతే లేదు. కట్టలు నెత్తిన పెట్టుకుని రోడ్డు మీద వీళ్ల కోసం, వాళ్ల కోసం చూసి చూసి నాకు విసుగొచ్చింది. ఎవరి దయా లేకుండా నా కూర నేను మోసుకుపోవాలి. నాకు కావలసింది అంతే.

బాగుచేయడానికి వానాకాలమంతా పట్టింది. సీటు గొట్టం ఫ్రేములో బిగుసుకుపోయి కదలనంటే పదిరోజులు కిరోసిన్ పోసి, రోజూ తిట్టాను. కిరోసిన్‌కో తిట్లకో పదకొండో రోజు కదిలింది. ఎడమ పెడల్‌ను మిగతా నట్లకు ఎదురు తిప్పాలని బాపు చిన్నప్పుడే నేర్పాడు కాబట్టి దాన్ని విరగ్గొట్టలేదు. రిమ్ములు మాత్రం ముట్టుకుంటే పెచ్చులు పెచ్చులుగా రాలాయి. మన దగ్గర దొరికే రిమ్ముల సైజు వేరు. ఏం చేయాలో తోచక కూర్చుని ఇరుసులకున్న స్పోకుల రంధ్రాలు లెక్కపెట్టాను. ముందు ముప్పై రెండు, వెనక నలభై. మన పాలవాళ్ల సైకిళ్లకూ అంతే! ఆ రోజు సంతోషం పట్టలేక ఒక్కదాన్నే గట్టిగా నవ్వుకున్నాను. నడిమి ఇరుసులు పాతవే ఉంచి, మన రిమ్ములు తెచ్చి, స్పోకులు నేనే అల్లాను. కొమ్ముల హ్యాండిల్ తీసేసి బాపు దగ్గర మిగిలిన మామూలు హ్యాండిల్ వేశాను. యూరియా సంచులు కుట్టి క్యారేజీలకు రెండు పక్కలా వేలాడదీశాను.

ఫ్రేముకు రంగు వేయలేదు. వేయాల్సిన అవసరం రాలేదు. మసి తుడిస్తే కింద ముదురు ఆకుపచ్చ ఉంది. సీటు నుంచి హ్యాండిల్ దాకా పోయే పై కడ్డీ మీద బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. ఒక్కో అక్షరాన్ని నూనె గుడ్డతో తుడుస్తుంటే ఆ సైకిల్ మీద నాకు ప్రేమ పుట్టింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

చిక్కల్లా ఆ కడ్డీతోనే. వెనక క్యారేజీ మీద కూర బుట్ట కడితే కాలు వెనక నుంచి తిప్పి ఎక్కలేను. ముందు నుంచి ఎక్కుదామంటే కడ్డీ అడ్డం. చీరైనా పంజాబీ డ్రెస్సైనా అదే తంటా. ఒకసారి రోడ్డు పక్క రాయి ఎక్కి సీటు మీదికి చేరబోయి కొత్తిమీరతో సహా కింద పడ్డాను. కడ్డీ కోసేసి, కిందికి ఏటవాలుగా రెండు పైపులు అతికిస్తే ఆడవాళ్లు ఎక్కే సైకిల్ అవుతుంది. బాపు అలాంటివి ఎన్నో చేశాడు. కానీ ఆ అక్షరాలు చూస్తే నాకు చేయి రాలేదు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటూ జరుపుకుంటూ వచ్చాను.

దసరా నాడు గేటు ముందు సైకిల్ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రం కింద నిమ్మకాయ పెట్టాను. ఊళ్లో అందరూ కార్లకు, ట్రాక్టర్లకు చేసుకున్నట్టే నేనూ నా బండికి చేసుకున్నాను. పండగ సెలవని సిటీ నుంచి సైకిళ్ల మీద వచ్చిన గుంపొకటి మమ్మల్ని చూసి ఆగింది. నిఖిల్ అనే అతను హెల్మెట్ తీసి నా సైకిల్ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, ఇసొంటిది నేను ఫోటోలల్లనే చూసిన. చక్రాలు మార్చిన్రు, పర్వాలేదు. ఫ్రేం మాత్రం ఎట్ల ఉన్నదో అట్లనే ఉంచుండ్రి. ప్లీజ్, దాన్ని ముట్టుకోకుండ్రి" అన్నాడు. అంటూనే ఫోన్‌లో వీడియో తీయడం మొదలుపెట్టాడు. గేటు దగ్గర నిలబడ్డ మా ఆయన వైపు ఫోన్ తిప్పి, "అన్నా, ఎవరిదీ సైకిల్?" అని అడిగాడు.

"మా సార్‌ది" అన్నాడు మా ఆయన.

నేను నిమ్మకాయ మీద చక్రం ఎక్కిస్తున్నాను. మాట చెవిన పడింది. పండగపూట గొడవెందుకని ఊరుకున్నాను. ఇది నేను చేసిన రెండో తప్పు.

పదిరోజుల తర్వాత సార్ ఫోన్ చేశారు. మా ఆయన స్పీకర్ పెట్టాడు.

"నర్సింహులూ, వీడియో చూశానయ్యా. మా ఫ్రెండ్స్ అందరూ పంపిస్తున్నారు. కడ్డీ మీది అక్షరాలు చూసి గుర్తుపట్టాను, మా నాన్నగారి సైకిల్ అది, ఆయన విదేశంలో చదువుకున్నప్పుడు కొన్నది. భలే తయారుచేశారు! ఆదివారం వస్తున్నా, తుడిచి పెట్టండి. గేటు దగ్గర పూలబుట్ట తగిలించి నిలబెడదాం. పెళ్లి ఫోటోలకు వచ్చేవాళ్లు దాని పక్కన దిగుతారు."

"సార్, అది మీరు నాకిచ్చిన్రు" అన్నాను నేను పక్క నుంచి.

"దాని సంగతి తెలియక ఇచ్చాను నీలమ్మా. నీ కష్టం ఊరికే పోనివ్వనులే. నీకు కొత్త లేడీస్ సైకిల్ కొనిస్తాను. అయినా మీ ఆయనే కదా వీడియోలో నాదని చెప్పాడు" అని నవ్వారు.

ఫోన్ పెట్టేశాక మా ఆయన నా మొహం చూడలేదు.

"గా మాట ఎందుకన్నవయ్యా?" అన్నాను.

"ఏమో నీలా, నోట్లకెల్లి అదే వచ్చింది. పదకొండేండ్ల సంది అదే అనుడాయె. ఇచ్చెయ్యరాదే, కొత్తది కొనిస్తనంటుండు. కాదంటే నౌకరి పోతది, రూము పోతది. ఏడికి పోదాం చెప్పు?"

ఆయన భయం అబద్ధం కాదు. మేముండే ఒక్క గదీ సార్‌దే. అందుకే ఒక పూటంతా ఆలోచించాను. కొత్త సైకిల్‌కు గేర్లుండవు, మొయినాబాద్ దారిలో ఎత్తు ఎక్కడం కష్టం అని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. అసలు సంగతి వేరు. మనం చెత్తలోంచి ఒకదాన్ని తీసి నిలబెడితే, అది నిలబడ్డ రోజే వాళ్లది అయిపోతుంది. బూటుతో నెట్టినప్పుడు చెత్త, నేను తుడిచాక నాన్నగారి జ్ఞాపకం. నా కూర మోయాల్సిన సైకిల్ ఎవరో పెళ్లికూతురు ఆనుకుని నవ్వడానికి గేటు దగ్గర నిలబడాలట. నాకు ఒళ్లు మండింది. ఆ మంట చల్లారకముందే, శనివారం పొద్దున సైకిల్ తీసుకుని చేవెళ్ల దారి పట్టాను.

బాపు ఇంటి ముందు రేకుల కింద గ్యాస్ వెల్డింగ్ సామాను ఇంకా ఉంది. బాపు సైకిల్ చూసి, చెప్పులు విడిచి దగ్గరికొచ్చాడు. ఫ్రేము అతుకుల మీద వేలితో మెల్లగా తడిమాడు.

"ఇసొంటి పని నేను సూడలేదు బిడ్డా. వెంట్రుక సందు గూడ లేదు. దీన్ని కొయ్యమంటవా?"

"కొయ్యి బాపు."

"ఒక్కసారి కోస్తే మళ్ల ముందటి తీరు గాదు."

"అందుకే కొయ్యమంటున్న. ముందటి తీరుంటే సార్ తీస్కపోతడు."

జరిగిందంతా చెప్పాను. బాపు వింటూ, పెడల్‌ను ఉత్తిగా వెనక్కి తిప్పుతూ కూర్చున్నాడు.

"నా దుకాణంల ఎవరి కాలుకు తగ్గట్టు వాళ్లకు సీటు దించి, ఎక్కిచ్చి ఇచ్చిన" అన్నాడు చివరికి. "నువ్వు ఎక్కరానిది నీదెట్లయితది? అతుకుడు నేను అతుకుత. కోసుడు మాత్రం నువ్వే కొయ్యి. నాకు చెయ్యాడదు."

రంపం పెట్టాను. మొదటి రాపిడికే ఆకుపచ్చ రంగు పొడిగా రాలింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కోశాను. అక్షరాలకు దెబ్బ తగలకుండా రెండు చివర్లా కోసి, కడ్డీని తీసి గుడ్డలో చుట్టాను. బాపు రెండు పైపులు ఏటవాలుగా పెట్టి ఇత్తడి కరిగించి అతికించాడు. మామూలుగా గ్లాసు పట్టుకుంటేనే ఆయన చేతులు వణుకుతాయి. మంట ముందు కూర్చున్నాక ఒక్కసారి కూడా వణకలేదు.

ఆదివారం పదింటికి సార్ కారు వచ్చింది. వెదురు పూలబుట్ట కూడా తెచ్చారు. గేటు లోపల నా సైకిల్ నిలబెట్టి ఉంది. వెనక కూర బుట్ట, పక్కల యూరియా సంచులు, కొత్త అతుకుల దగ్గర పసుపుపచ్చ ఇత్తడి. పై కడ్డీ లేదు. సార్ నడుస్తున్నవారల్లా ఆగిపోయారు.

"ఏం చేశావమ్మా! మొత్తం పాడుచేశావ్ కదా!"

"పాడు కాలే సార్. నాకు సరిపోయింది."

"దీని విలువెంతో తెలుసా నీకు?"

"తెల్సు సార్. ఇన్ని దినాలు తుడిచింది నేనే గదా."

గదిలోకి వెళ్లి గుడ్డలో చుట్టిన కడ్డీ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. గుడ్డ విప్పితే బంగారు అక్షరాలు ఒక్కటి కూడా చెడలేదు.

"మీ నాయిన గుర్తు సార్. గిది మీది. మిగిలింది నాది."

ఎగతాళికి అనలేదు. ఆయన నాన్న ఆయనకు ఎంతో, మా బాపు నాకు అంత. ఆ అక్షరాల మీద కాసేపు సార్ బొటనవేలు ఆగడం నేను చూశాను. తర్వాత మొహం ఎర్రబడింది. మా ఆయన వైపు తిరిగారు.

"నర్సింహులూ, వీడియోలో చెప్పింది నువ్వే. ఇప్పుడు నా ముందు మళ్లీ చెప్పు. ఈ సైకిల్ ఎవరిది?"

మా ఆయన గేటు పట్టుకుని నిలబడ్డాడు. పదకొండేళ్లుగా ఆ గేటు పట్టుకునే నిలబడ్డాడు. నాకు భయమేసింది. రూము పోతుందని కాదు. ఈ మనిషి మళ్లీ ఆ మాటే అంటే నేను కోసిందంతా దండగ. ఆయన సార్ వైపు చూశాడు, కడ్డీ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"మా నీలమ్మది" అన్నాడు. కొంచెం ఆగి, "సార్" అని చేర్చాడు.

సార్ నెలాఖరుకు గది ఖాళీ చేయమని చెప్పి కారెక్కారు. కడ్డీని మాత్రం గుడ్డలో చుట్టి వెనక సీట్లో జాగ్రత్తగా పడుకోబెట్టుకున్నారు. పూలబుట్ట గేటు పక్కనే మరిచిపోయారు.

పావెకరం పక్కన రేకులు వేసుకున్నాం. బియ్యం డబ్బా, స్టవ్వు, చద్దర్లు, కోళ్ల గంప అన్నీ సైకిల్ మీదే మోశాను. చివరి విడత నాడు మా ఆయన గేటుకు తాళం వేసి, తాళంచెవి ఎప్పుడూ పెట్టే చోట పెట్టాడు. పూలబుట్ట కనిపించింది.

"బుట్ట ఎవరిదయ్యా?" అని అడిగాను, కావాలనే.

"సార్‌ది. ఈడనే ఉండనీ" అని గేటుకు తగిలించాడు. తర్వాత సైకిల్ వెనక మూట తాడు తనే లాగి బిగించి, "ఎక్కు ఇగ" అన్నాడు.

వెనక మూట నా భుజాల ఎత్తు ఉంది. ఏ రాయీ వెతుక్కోలేదు, ఎవరి భుజం పట్టుకోలేదు. చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తిపట్టి, కాలు అవతలికి వేసి కూర్చున్నాను. ఊరి దాకా దారి ఎత్తే. చిన్న గేరుకు మార్చి, దిగకుండా తొక్కాను.