రోహ్తాంగ్‌లో గూడకొంగ

మా తాడేపల్లిగూడెంలో ఎత్తైన పర్వతం రైల్వేస్టేషన్‌లో ఫుట్‌బ్రిడ్జి. దాని పైమెట్టు మీద గాలి పలచగా ఉంటుందని, చెవులు దిబ్బళ్లేస్తాయని మా నాన్న చెప్పేవాడు. కొల్లేటి వైపు వెళ్తే అదీ లేదు. అక్కడ చెరువుగట్టు ఎక్కినవాణ్ణే పర్వతారోహకుడి కింద జమకడతారు.

ఇలాంటి నేల మీద పుట్టి, మా పక్కింటి నాగమల్లేశ్వరి అక్కయ్య మంచుకొండ చూడాలని ఇరవై ఏళ్లుగా కోరుకుంటోంది. నగలు అడగలేదు, పట్టుచీర అడగలేదు. ఒక్కసారి మంచుకొండ చూపించండి అనేది. వాళ్లాయన నిత్యానందంగారు ఏలూరులో ఒక ఆఫీసులో గుమాస్తా. నాలుగేళ్లకోసారి ఉద్యోగిని కుటుంబంతో సహా దేశం చూసి రమ్మని ఆఫీసు ఖర్చులిస్తుంది. దాన్ని ఎల్టీసీ అంటారు. ఆ లెక్కన నిత్యానందంగారు అప్పటికే కాశ్మీరు, డార్జిలింగు, ఊటీ చూసేశారు, కాగితం మీద. కాశ్మీరు వెళ్లినప్పుడు ఇంటికి బయట తాళం వేయించుకుని పదిరోజులు లోపలే ఉన్నారు. మా అమ్మ పెరటిగోడ మీంచి కూరగిన్నె అందించేది. డార్జిలింగులో ఉండగా దగ్గొస్తే తలగడలో మొహం పెట్టుకుని దగ్గేవారు. టిక్కెట్లూ హోటలు రసీదులూ ఒక ట్రావెల్స్ వాడు ఇచ్చేవాడు. కొండలు మాత్రం ఇచ్చేవాడు కాదు.

2005 మే నెలలో హిమాచల్‌కి అనుమతి వచ్చింది. ఈసారి నిజంగానే వెళ్తున్నామని అక్కయ్యతో చెప్పారట. ఆవిడ నేపాలీవాళ్ల దగ్గర కొన్న రెండు స్వెట్టర్లు సంచిలో పెట్టుకుని బయల్దేరింది. ఆయన కైకలూరు బస్సెక్కించి, తన తమ్ముడి చేపల చెరువు దగ్గర దింపారు. ఆవిడ ఆ పూటంతా సంచి ఒళ్లోంచి దించలేదని తర్వాత తెలిసింది.

ఇక్కడే నేను రంగంలోకి దిగాను. స్టేషన్ రోడ్డులో నాకు ఫోటోస్టూడియో ఉంది. ఆ ఏడే కంప్యూటర్ కొని, ఫోటోషాప్ నేర్చుకుని, దేవుడు మనుషుల మొహాల్లో చేసిన పొరపాట్లు దిద్దుతుండేవాణ్ణి. ఆఫీసుకి కొత్త ఆఫీసరొచ్చారని, దొంగయాత్రలు చేసిన ఇద్దర్ని సస్పెండ్ చేశారని, ఈసారి రసీదులు చాలవు, ఫోటోలు కావాలని నిత్యానందంగారు ఫోన్ చేశారు. ఉద్యోగం పోతే ఎలా అన్నారు.

నేను కెమెరా తీసుకుని కైకలూరు వెళ్లాను. ఎండ ఎంతుందంటే చెరువులో చేపలు నీడ కోసం గట్టు మీదికి వచ్చి కూర్చున్నాయి. ఆ ఎండలో ఇద్దరినీ స్వెట్టర్లు, మంకీ టోపీలతో నిలబెట్టాను. చెమట ధారలు కడుతుంటే మంచు కరుగుతున్నట్టు సహజంగా వచ్చింది. గూడెం వచ్చి, కంప్యూటర్లో వాళ్లని సిమ్లా బుల్లి రైల్లో కూర్చోబెట్టాను. మనాలీలో దేవదారు చెట్ల మధ్య హిడింబాదేవి చెక్కగుడి మెట్ల మీద నిలబెట్టాను. కాంగ్రా కోట ముందు నిత్యానందంగారు కోటకంటే అర అడుగు ఎత్తొచ్చారు. తిరిగొచ్చాక చూసి సరిచెయ్యమన్నారు. మీ స్థాయి ఆఫీసరుగారికి తెలియాలి కదండీ అన్నాను. అయితే ఉండనిమ్మన్నారు.

రోహ్తాంగ్ కనుమ ఫోటోలో మాత్రం ఒక చిన్న పని చేశాను. గట్టు మీద వాళ్ల వెనకాల నిలబడ్డ గూడకొంగని చెరిపెయ్యలేదు. మంచులో ముక్కు సంచి వేలాడేసుకుని, ఎవరో అడ్రసు చెప్తే వచ్చినట్టు నిలబడింది. చెరపబుద్ధి కాలేదు.

చెరువు దగ్గర నేను బయల్దేరుతుంటే అక్కయ్య ఒక్కటే అడిగింది. హిమాచల్ కొండల గురించి తెలుగులో పుస్తకం ఏదైనా ఉంటే పంపమంది. స్టేషన్‌లో దొరికిన గైడు పంపాను. మేత బస్తాల మీద కూర్చుని మూడుసార్లు చదివిందట.

పదిరోజుల తర్వాత హిమాలయాల నుంచి నిత్యానందంగారు బొగ్గులా దిగారు. ఆఫీసులో అడిగితే, అంత ఎత్తులో సూర్యుడు దగ్గర కదండీ అని చెప్పమన్నాను. అందరూ నమ్మారు. ఆఫీసరు దేవసహాయంగారు మాత్రం ఫోటోలు చూడ్డానికి ఆదివారం ఇంటికే వస్తానన్నారు. నిత్యానందంగారు నన్ను పక్కన కూర్చోమన్నారు, స్పృహ తప్పితే పట్టుకోడానికి.

దేవసహాయంగారిది కొల్లేటి పక్కన ఆకివీడు. బుల్లి రైలు చూశారు, గుడి చూశారు, కోటనీ నిత్యానందంగారినీ మార్చి మార్చి చూశారు. రోహ్తాంగ్ దగ్గర ఆగిపోయారు.

"ఇది గూడకొంగ కదండీ."

నిత్యానందంగారి నలుపు కాస్త తెల్లబడింది. నా తెలివికి నాకే చెంపలు వాయించుకోవాలనిపించింది. అంతలో అక్కయ్య కాఫీ కప్పులు బల్ల మీద పెట్టింది.

"అవునండీ. మేమూ ఆశ్చర్యపోయాం. సైబీరియా నించి మన కొల్లేటికి వచ్చే పిట్టలకి దారి అదేనంటండీ. పాపం, అలిసిపోయి దిగినట్టుంది."

దేవసహాయంగారు తల ఊపారు. ఆ తర్వాత ఆవిడ ఆగలేదు. నూట రెండు సొరంగాల్లోంచి రైలెలా వెళ్తుందో, బియాస్ నది రాళ్ల మీద ఎలా ఒరుసుకుని పారుతుందో, పొద్దున్న కొండ కొసన వెలుగు ఎలా పడుతుందో చెప్పుకుపోయింది. ఆయన కాఫీ చల్లారిపోయింది. చివరికి ఆయనన్నారు, దసరా సెలవలకి ఆఫీసులో పన్నెండు కుటుంబాలం అటే వెళ్దామనుకుంటున్నాం, దారి తెలిసినవాళ్లు లేరని ఆలోచిస్తున్నాం అని.

నిత్యానందంగారు నోరు తెరిచేలోపే అక్కయ్య అందుకుంది.

"మా ఆయనుండగా మీకు ఆలోచనెందుకండీ. ప్రతి మలుపూ ఆయనకి కంఠతా. సొంత ఖర్చుతోనైనా వస్తారు, నన్నూ తీసుకొస్తారు. ఏవండీ, అంతేగా?"

ఆయన నావైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను.

"అంతేనండీ," అన్నారు నిత్యానందంగారు, డార్జిలింగులో దగ్గినంత మెల్లగా.

ఆఫీసరుగారు ఎల్టీసీ కాగితం మీద సంతకం పెట్టి వెళ్లారు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం స్టూడియోకి ఫోనొచ్చింది. రోహ్తాంగ్ వెళ్లొచ్చి, మనాలీలో ఎస్టీడీ బూత్ నించి మాట్లాడుతోంది అక్కయ్య. వెనకాల నిత్యానందంగారి గొంతు. ఏదో శిఖరం పేరు పన్నెండు కుటుంబాలకి గట్టిగా, ఏమాత్రం తడబడకుండా చెప్తున్నారు. ఆ పేరుగల శిఖరం భూమ్మీద ఉందని నేననుకోను.

ఎలా ఉందక్కయ్యా అని అడిగాను.

"ఫోటోలో మంచుకి నువ్వు తెలుపు బాగా తక్కువేశావు తమ్ముడూ," అంది.