పురిటి గదిలో కుంపటి

1967 మార్గశిరంలో, రేపల్లెలోని మా పుట్టింట్లో నాకు ఆడపిల్ల పుట్టింది. పురిటి గదికి ఉన్న ఒక్క కిటికీనీ మా అమ్మ కనకలక్ష్మి బొంతతో మూయించింది. మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టించింది. చలిగాలి సోకితే బాలింతకు వాతం చేస్తుందని ఆవిడ శాసనం. నాన్నే ఎదురు చెప్పడు, ఇక నేనెంత.

శాసించినావిడ మాత్రం ఆ గదిలో ఒక్క నిమిషమైనా కూర్చోలేదు. పురుడు పదిరోజులూ మమ్మల్ని ముట్టుకుంటే మైల. వంట చెయ్యాల్సిన మనిషి కనుక, మడిచీరతో గడప అవతల నిలబడి గట్టున నిలబడి ఈత నేర్పినట్టు కబుర్లు చెప్పేది. పిల్లకు నీళ్లుపోసే కృపమ్మ ఒక్కతే లోపలికి వచ్చేది.

ఎనిమిదో రోజుకి నా పెదవులు పగిలి నెత్తురొచ్చింది. గొంతు పిడచకట్టుకుపోయింది. అది ఓర్చుకున్నాను. కానీ పిల్ల ముక్కు ఎండి పక్కులు కట్టింది. రొమ్ము పట్టుకోవడం, ఊపిరాడక వదిలేసి ఏడవడం. పొద్దుటి నుంచీ గుక్కెడు పాలు దిగలేదు. నాకు భయం పట్టుకుంది.

"పడిశం పట్టింది. ఇంకో నాలుగు బొగ్గులు వెయ్యి కృపమ్మా," అంది అమ్మ గడప అవతల నుంచి.

"పడిశం కాదమ్మగారూ, వేడికి గదంతా ఎండిపోయిందండి."

"నలుగుర్ని కన్నాను. నాకు చెబుతావా?"

ఆ నలుగురమూ ఎండాకాలం పుట్టినవాళ్లమే. నాకు ఒళ్లు మండింది.

"ఒక్కసారి లోపలికొచ్చి కూర్చోమ్మా, తెలుస్తుంది," అన్నాను.

పిల్ల ఏడుపు కీచుగొంతులోకి దిగింది. అది విని, అమ్మ మడిచీరతోనే గడప దాటి వచ్చింది. పిల్లను ఒళ్లో వేసుకుని జోల ఎత్తుకుంది. కాసేపటికే దగ్గు. పెదవులు తడుపుకుని మళ్లీ పాడబోయింది, మళ్లీ దగ్గు. అప్పుడు నా మొహం వంక చూసింది.

"ఎనిమిది రోజుల్నించీ ఇలాగే ఉన్నావుటే హైమా?"

తలూపాను.

కుంపటి వరండాలోకి పోయింది. బొంత ఆవిడే లాగేసింది. తడిపిన పంచె గదిలోనే దండెం మీద ఆరేసింది. కృపమ్మ తడిగుడ్డతో పిల్ల ముక్కు మెల్లగా మెత్తబరిచి తుడిచింది. పథ్యమని అన్నాళ్లూ గుక్కల లెక్కన ఇచ్చిన కాచిన నీళ్లు, అమ్మ నాకు చెంబెడు తాగించింది.

సాయంత్రానికి పిల్ల రొమ్ము పట్టింది, వదల్లేదు. ఆ గుటకలు వింటూ అమ్మ కళ్లు తుడుచుకుంది.

అమ్మ తలమీద నీళ్లు పోసుకుంటే మైల పోతుంది, వంటింట్లోకి వెళ్లొచ్చు. నాన్న గడప దగ్గరికొచ్చి ఆ మాటే అన్నాడు.

"ఈ రెండ్రోజులూ మీరే వండండి," అని అమ్మ నా పక్కన నడుం వాల్చింది.