లోపల ఎవరో ఉన్నారు

దణ్ణం పెట్టుకుంటే భయం పోతుంది. అది మంచిదే. కానీ భయంతో పాటు జాగ్రత్త కూడా పోతేనో? ఈ అనుమానం ఆమెను ఏళ్ల తరబడి వదల్లేదు. ఎవరినైనా అడుగుదామంటే దేవుణ్ణి శంకించినట్టు ఉంటుంది. అడక్కుండా ఊరుకుందామంటే ఆమె పని అలాంటిది. ఓ పెద్ద ఆసుపత్రిలో బ్లడ్ బ్యాంకు వివరాలన్నీ దాచే డేటాబేస్ ఆమె చేతిలో ఉంది. ఏ సంచీ రక్తం ఏ మనిషికి సరిపడుతుందో ఆ డేటాబేస్ చెప్పాలి. అది తప్పు చెబితే దిద్దుకునే అవకాశం ఉండదు.

ఏ మార్పు చేసినా ఎంటర్ నొక్కే ముందు కళ్లు మూసుకుని ఇష్టదైవాన్ని తలుచుకునేది. అది చూసి ఆఫీసులో ఆమెకు జపమాల అని పేరు పడింది. పెట్టింది బావ.

బావ అంటే అక్క మొగుడు. అదే ఆసుపత్రిలో మెషీన్లు చూస్తాడు. పెట్టెలు, కేబుళ్లు, బ్యాటరీలు, ఆపరేటింగ్ సిస్టమ్ ఆయనవి; వాటి మీద నడిచే డేటాబేస్ ఆమెది. "ఇల్లు నాది, కాపురం నీది. గోడకి మేకు కొట్టాలన్నా నన్నడగాలి," అనేవాడు.

ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి రోజున సర్వర్ గదిలో చలికి పళ్లు టకటకా కొట్టుకుంటుంటే, బావ తన స్వెటర్ విప్పి ఇచ్చాడు. అక్క అల్లిన నీలం స్వెటర్. మోచేతి దగ్గర చిన్న చిరుగు. "కుట్టి తెచ్చిస్తాను బావా," అంది. ఆ మాట అన్నదే గానీ కుట్టలేదు, ఇవ్వలేదు. ఆ స్వెటర్ ఆమె కుర్చీ వీపుకు వేలాడుతూ ఆఫీసు సామానుల్లో ఒకటైపోయింది. బావ మాత్రం మర్చిపోలేదు. పండగైనా పబ్బమైనా, భోజనాల దగ్గరైనా, బాసు ఎదుటైనా, "నా స్వెటర్?" అని చెయ్యి చాచేవాడు.

ఆ రోజు పొద్దున కూడా అలాగే వచ్చి నిలబడ్డాడు. ఈసారి స్వెటర్ కోసం కాదు.

"ఏంటి మరదలా, షేర్డ్ మెమరీ పెంచుతున్నావట?"

కొన్ని వారాలుగా బ్లడ్ బ్యాంకు తెరలు నత్తనడక నడుస్తున్నాయి. డేటాబేస్ మొదలయ్యేటప్పుడు మెషీన్‌ని కొంత జాగా అడిగి తీసుకుంటుంది. అది దాని పనివాళ్లందరూ కలిసి కూర్చునే హాలు లాంటిది. కాగితాలన్నీ అక్కడే పరుచుకుని, అందరూ వాటినే చూస్తూ, వాటి మీదే రాస్తూ ఉంటారు. హాలు ఇరుకైతే మాటిమాటికీ బీరువా దగ్గరికి పరిగెత్తాలి. అందుకే హాలు పెద్దది చేద్దామనుకుంది.

"ఎంతకి పెంచావు?"

ఆమె తెర చూపించింది. బావ ఈల వేశాడు.

"ఇల్లంతా హాలే చేస్తే వంటెక్కడ వండుతావు తల్లీ? ఒక్కొక్క పనివాడికీ సొంతానికి కాస్త చోటు కావాలిగా. అందరూ ఒక్కసారి పనిలోకి దిగారనుకో, ఊపిరాడదు. ఊపిరాడకపోతే మెషీన్ ఎవర్నో ఒకర్ని బయటికి గెంటేస్తుంది. అది చిన్నా పెద్దా చూడదు."

"మీరు మరీ! ఈ మెషీన్‌కి ఉన్న మెమరీ చాలదా?"

"చాలుతుందో లేదో నాకేం తెలుసు? నీ దేవుణ్ణడుగు," అని నవ్వి, కొత్త బ్యాటరీలు బిగించే పనుందని సర్వర్ గదిలోకి వెళ్లిపోయాడు.

ఆమె కళ్లు మూసుకుంది. తలుచుకుంది. గుండెల్లో ఉన్న బెదురు మంచులా కరిగిపోయింది. ఎంటర్ నొక్కింది.

మధ్యాహ్నం దాకా తెరలు గుర్రాల్లా పరిగెత్తాయి. భోజనం డబ్బా మూత తీయబోతుండగా ఒక్కసారిగా అన్నీ ఆగిపోయాయి.

డబ్బా పక్కన పెట్టి చూసింది. బావ చెప్పిందే జరిగింది. అన్ని వార్డుల వాళ్లూ ఒకేసారి పనిలోకి దిగేసరికి మెమరీ చాల్లేదు. మెషీన్ గెంటేసింది ఏ చిన్న పనివాణ్ణో కాదు, డేటాబేస్‌నంతా నడిపే పెద్ద ప్రాసెస్‌నే. ఇంటి యజమానినే మెడ పట్టి గెంటినట్టయింది.

"జపమాలా!" బ్లడ్ బ్యాంకు డాక్టరమ్మ తలుపు దగ్గరే అరిచింది. ఆవిడకి ముక్కు మీద కోపం, మనసులో ఏమీ ఉండదు. ఇప్పుడు మాత్రం ముఖంలో కోపం లేదు, నెత్తురు చుక్క కూడా లేదు. "తెరలు పోయాయేంటమ్మా? ఆపరేషన్ థియేటర్లో బాలింత. రక్తం ఆగడం లేదు."

"వస్తుంది డాక్టరమ్మా, ఒక్క నిమిషం."

"ఆ పిల్ల రక్తం అందరి లాంటిది కాదు. మామూలు గ్రూపు చూసి ఎక్కిస్తే ఒంటికి పడదు. రెండ్రోజుల పాటు ఒక్కొక్క సంచీ పరీక్షించి, పడేవి ఏవో నీ మెషీన్‌లోకి ఎక్కించాం. ఫ్రిజ్ నిండా సంచులున్నాయి. వాటిలో ఆ పిల్లవి ఏవో ఇప్పుడు నాకెలా తెలియాలి?"

"మళ్లీ పరీక్ష..."

"మా వాళ్లతో మొదలుపెట్టించాను. అది తేలేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది."

ఆమె డేటాబేస్‌ని మొదలుపెట్టింది. అది లేవలేదు. తెర మీద ఒక మెసేజి కనబడింది. పాత షేర్డ్ మెమరీ ఇంకా వాడుకలో ఉంది; పాత పనివాళ్లెవరూ మిగిలి లేరని నీకు ఖాయంగా తెలిస్తే, కొత్తవాళ్లు రాకుండా వేసిన తాళం ఫైలు తీసేసి మళ్లీ ప్రయత్నించు అని దాని సారాంశం.

డాక్టరమ్మ భుజం మీంచి వంగి చదివింది. "అదుగో, అదే చెబుతోందిగా! తాళం తీసెయ్."

"ఎవరూ లేరని తెలిస్తేనే తీయమంటోంది డాక్టరమ్మా."

"యజమానే పోయాడన్నావు. ఇంకెవరుంటారమ్మా లోపల?"

మాట సబబుగానే ఉంది. తాళం ఫైలు చెరపడానికి ఒక్క వరుస ఆజ్ఞ చాలు. వేళ్లు వాటంతట అవే ఆ వరుస రాసేశాయి. అలవాటుగా కళ్లు మూసుకుంది. తలుచుకుంది. ఎప్పుడూ వచ్చే నెమ్మది ఈసారి రాలేదు. గుండె దడదడలాడుతూనే ఉంది. మళ్లీ తలుచుకుంది. భయం బండరాయిలా కూర్చుంది గానీ కదల్లేదు.

పొద్దున భయం పోయింది, నొక్కాను. ఇప్పుడు పోవడం లేదు. స్వామీ, పొద్దున పోగొట్టింది నువ్వేనా? ఇప్పుడు ఉంచింది నువ్వేనా?

రాసిన వరుసను అక్షరం అక్షరం చెరిపేసింది.

"ఏంటమ్మా, చెరిపేస్తున్నావు?"

"చూసి తీస్తాను. లోపల ఎవరైనా ఉండగా తాళం తీసి కొత్త వాళ్లని పంపిస్తే, పాతవాడూ కొత్తవాడూ ఒకే కాగితం మీద ఒకరికి తెలియకుండా ఒకరు రాస్తారు. తెరలు వెంటనే వచ్చేస్తాయి. మీకు సంచీ నంబరు కూడా చూపిస్తాయి. అది ఆ పిల్లదో, వేరే వాళ్లదో నేను చెప్పలేను."

టేబుల్ మీద ఫోన్ మోగింది. థియేటర్ నుంచి సర్జన్. స్పీకరు పెట్టకపోయినా గొంతు గదంతా వినబడింది. "రక్తం ఏది మేడమ్? నేను చేతులతో అదిమిపెట్టుకుని నిలబడ్డాను ఇక్కడ!"

"వస్తోంది," అంది డాక్టరమ్మ. పెట్టేసి, ఆమె వైపు తిరిగి, "వస్తోందని చెప్పాను. నా మాట నిలబెడతావో, పోగొడతావో," అంది మెల్లగా. ఆవిడ అరిచినా అంత భయమేసేది కాదు.

షేర్డ్ మెమరీని ఎవరెవరు పట్టుకుని ఉన్నారో మెషీన్‌ని అడిగింది. ఒకడున్నాడు.

ఒక్కడు. యజమాని పోయాక అందరూ వెళ్లిపోయారు గానీ వీడొక్కడు హాలులోనే కూర్చుని ఉన్నాడు. ఆ పనివాణ్ణి ఆపమని ఆజ్ఞ ఇచ్చింది. కదల్లేదు. బలవంతంగా చంపమని ఇంకోటి ఇచ్చింది. ఉలుకూ లేదు పలుకూ లేదు.

"చావడేం?" డాక్టరమ్మ అడిగింది.

"ఏదో రాస్తూ మధ్యలో ఇరుక్కుపోయాడు. ఆ రాత పూర్తయ్యే దాకా నా మాట వాడి చెవికెక్కదు."

ఏం రాస్తున్నాడో చూసింది. రోజూ ఆ వేళకి రక్తం సంచుల జాబితాను సర్వర్ గదిలో ఉన్న బ్యాకప్ పెట్టెలోకి పంపే పని. అంటే ఇక్కడ తప్పేమీ లేదు. అవతల పెట్టె పలకడం లేదు. ఆ పెట్టె బావది.

ఫోన్ చేసింది. సర్వర్ గది హోరులో బావకి ఫోన్ ఏనాడు వినబడింది కనక! కుర్చీ వెనక్కి నెట్టి పరిగెత్తింది.

నడవాలో బ్లడ్ బ్యాంకు కిటికీ ఎదురుగా బెంచీ మీద ఓ పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్లో పసిబిడ్డ బట్టల సంచీ. ఆమె మెడలోని గుర్తింపు కార్డు చూసి లేచి నిలబడింది.

"అమ్మా, మా కోడలికి రక్తం దొరికిందా?"

దొరికిందంటే అబద్ధం. లేదంటే ఆవిడ ప్రాణం అక్కడే పోయేలా ఉంది.

"వెతుకుతున్నాం పెద్దమ్మా," అని ఆగకుండా పోయింది. వెనక నుంచి "మొదటి కాన్పు తల్లీ" అన్న మాట వినబడింది.

సర్వర్ గదిలో బావ కొత్త బ్యాటరీల ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"బావా! మీ బ్యాకప్ పెట్టె పలకడం లేదు!"

"పలక్కపోవడమేం? దీపం వెలుగుతూనే ఉందిగా."

"దీపం సంగతి నాకొద్దు! నా పనివాడు దాంట్లోకి రాస్తూ ఇరుక్కున్నాడు. వాడు లేస్తే గానీ డేటాబేస్ లేవదు. అవతల థియేటర్లో బాలింత..."

బావ లేచాడు. అల్మారా వెనక్కి దూరి, నేల మీద బోర్లా పడుకుని, టార్చి వేశాడు. కాసేపటికి అడుగు నుంచి గొంతు వచ్చింది.

"పొద్దున బ్యాటరీల కోసం పెట్టె జరిపాను. కేబుల్ ఊడి వేలాడుతోంది. దీని క్లిప్పు విరిగి చచ్చింది."

"పెట్టండి మరి!"

"పెట్టాను. వదిలితే ఊడుతోంది. కొత్త కేబుల్ స్టోర్‌లో ఉంది, తెచ్చేసరికి తెల్లారుతుంది. నేను పట్టుకుని ఉంటాను, నువ్వు పో. నేను చెయ్యి తీయను, నువ్వు చెప్పేదాకా తీయను. పరిగెత్తు!"

ఆమె పరిగెత్తింది. ఈసారి బెంచీ వైపు చూడలేదు.

తెర ముందు కూర్చుని మళ్లీ అడిగింది. ఎవరున్నారు? ఒకడు. మళ్లీ. ఒకడు. డాక్టరమ్మ ఆమె కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. మళ్లీ అడిగింది.

ఎవరూ లేరు.

రాత పూర్తి చేసుకుని, ఇందాకటి ఆజ్ఞ అప్పుడు చెవికెక్కి, వాడు వెళ్లిపోయాడు. హాలు ఖాళీ అయింది. పాత తాళాన్ని డేటాబేస్ తనంతట తనే తీసేసుకుంటుంది.

మొదలుపెట్టబోతూ చెయ్యి ఆపింది. పొద్దున పెంచిన అంకె అలాగే ఉంది. దాంతోనే లేపితే మళ్లీ ఊపిరాడక కూలుతుంది, ఈసారి సంచీ నంబరు చూసే లోపే కూలొచ్చు. పాత అంకెకు తగ్గించేసింది. తెరలు నత్తనడక నడిస్తే నడవనీ. ఇల్లన్నాక వంటగది ఉండాలి.

భయం ఇంకా కూర్చునే ఉంది. ఉండనిచ్చింది. దణ్ణం మాత్రం పెట్టుకుంది, ఈసారి కళ్లు తెరిచే. రాసిన వరుసను ఇంకోసారి చదివి నొక్కింది.

డేటాబేస్ వెంటనే లేవలేదు. కూలినప్పుడు సగంలో ఆగిన పనులన్నీ ఒక్కొక్కటే సర్దుకుంటోంది. ఫోన్ మళ్లీ మోగింది. ఎవరూ ఎత్తలేదు. తెర మీద వరుసలు ఒకటొకటిగా కిందికి జారుతున్నాయి. చివరికి, సిద్ధం అన్న మాట పడింది.

డాక్టరమ్మ అప్పటికే తన తెర దగ్గర ఉంది. బాలింత వివరాలు తెరిచి, నంబర్లు గట్టిగా చదివింది. ఫ్రిజ్ తలుపు తెరుచుకున్న చప్పుడు, సంచుల మీద పేర్లు సరిచూస్తున్న గొంతులు, నడవాలో పరిగెత్తే అడుగులు.

చేతితో మొదలుపెట్టిన పరీక్ష కూడా ఆపలేదు డాక్టరమ్మ. చాలా తర్వాత అది తేలినప్పుడు చూస్తే, తెర చూపించిన సంచులూ పరీక్షలో తేలినవీ ఒకటే అయ్యాయి. తాళం తీసేసి ఉంటే వేరే నంబర్లు వచ్చేవా? ఏమో. అది ఎప్పటికీ తెలియదు.

సంచులు వెళ్లిన కాసేపటికి ఫోన్ మోగితే డాక్టరమ్మ ఎత్తింది. విన్నది. పెట్టేసింది.

"రక్తం ఎక్కుతోంది. కారడం ఆగింది," అంది. ఆ రెండు మాటలే అని, కళ్లద్దాలు తుడుచుకుంటూ బెంచీ మీది పెద్దావిడ దగ్గరికి నడిచింది.

ఆమె చాలాసేపు తెర వైపే చూస్తూ కూర్చుంది. కుర్చీకి వెనక్కి వాలితే మెడకు ఏదో మెత్తగా తగిలింది. నీలం స్వెటర్.

అప్పుడు గుర్తొచ్చింది. బావ!

చెయ్యి తీయనన్నాడు, చెప్పేదాకా తీయనన్నాడు. చెప్పనేలేదు.

సొరుగులోంచి సూదీ దారం తీసింది. పెన్ను మూతలో దాచుకున్న సూది, ఏదో చీర అంచుకోసం తెచ్చిన నల్లదారం. మోచేతి చిరుగును నడుస్తూనే కుట్టింది. వంకర కుట్లు. సర్వర్ గది తలుపు తోసేసరికి దారం ముడి వేసి పంటితో తెంపేసింది.

బావ అల్మారా వెనక ఇందాకటిలాగే బోర్లా పడి ఉన్నాడు. చలిగాలి సరిగ్గా ఆయన వీపు మీదికి కొడుతోంది. చెయ్యి కేబుల్ మీద బిగుసుకుని ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి.

"బావా, తీసెయ్యండి. అయిపోయింది."

"ఆ పిల్ల?"

"బాగుంది."

బావ చెయ్యి వెంటనే రాలేదు. ఆమే వంగి, వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. లేచి కూర్చున్నాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"హాలు తగ్గించావా?"

"తగ్గించాను. మీరు చెప్పినప్పుడే వినాల్సింది."

"నేను మాత్రం? పెట్టె జరిపినప్పుడు వెనక్కి తిరిగి చూస్తే నా సొమ్మేం పోయింది? దీపం వెలుగుతోంది కదాని ఊరుకున్నాను." వేళ్లు రుద్దుకుంటూ అన్నాడు. "ఇవాళ నీ దేవుడు దగ్గరుండి లేపినట్టున్నాడే."

"ఏమో బావా. ఇవాళ భయం తీయలేదు. అదే ఎక్కువ మేలు చేసిందేమో అనిపిస్తోంది. తెలియదు."



ఆమె స్వెటర్ విదిలించి ఆయన భుజాల మీద కప్పింది. బావ దాన్ని ముందు గుర్తుపట్టలేదు. తర్వాత మోచెయ్యి తిప్పి, వేలితో ఆ వంకర కుట్లు తడిమాడు.

"నీలం స్వెటర్‌కి నల్లదారం ఏంటే మరదలా?"

"వేసుకోండి ముందు."

చేతులు రెండూ దూర్చి, మెడ దాకా లాక్కున్నాడు.