మాట్లాడకూడని దెయ్యం

కిటికీలకు దుప్పట్లు కట్టినా అనకాపల్లి ఎండ గదిలోకి వస్తూనే ఉంది. మధ్యాహ్నం మూడింటికి దెయ్యాల ఆట ఏమిటని లోహిత్ నవ్వాడు. హాసిని పట్టించుకోలేదు. కార్డులు ఎగిరిపోకుండా ఫ్యాను ఆపింది, పునుగులు వేయించింది, అనుమానితుల చెక్క బొమ్మలు ఆరింటినీ అట్ట మీద నిలబెట్టింది. ఒక్కో బొమ్మా టక్కుమని ఆనుతుంటే ఆమె లోలోపల గంతులేసింది.

పెళ్లయి రెండు నెలలు. నంద్యాల నుంచి ఇక్కడికి వచ్చాక, లోహిత్ డ్యూటీకి వెళితే ఆమెతో మాట్లాడేది పాలావిడా, కూరల బండాయనా. ఈ ఆట పెట్టె హాస్టల్ స్నేహితురాళ్లు పెళ్లికి ఇచ్చింది. ఇవాళ లోహిత్‌తో ఒకటో తరగతి నుంచీ చదువుకున్న తారక్, సుప్రియ వచ్చారు. వాళ్లిద్దరూ ఇప్పుడు మొగుడూ పెళ్లాలు.

ఆట తెలిసింది హాసినికే కాబట్టి దెయ్యం ఆమే. తనను చంపిందెవరో దెయ్యానికి తెలుసు. కానీ నోరు విప్పకూడదు, సైగ చేయకూడదు. బొమ్మల కార్డులు మాత్రం ఇవ్వాలి. వాటిని బట్టి మిగతావాళ్లు ఏడు వంతుల్లో హంతకుణ్ణి పట్టుకోవాలి. లేకపోతే దెయ్యం ఆ పాడుబడ్డ మేడలో ఒంటరిగా ఉండిపోతుంది.

వీళ్లు పట్టుకుంటే ఈ ఊళ్లో నాకూ మనుషులు దొరికినట్టేనని హాసిని మనసులో అనుకుంది.

చంపింది వంటవాడు. మొదటి కార్డు మీద పెద్ద పెనంలో తేలుతున్న చందమామ. హాస్టల్లో అయితే రెండు క్షణాల్లో కనిపెట్టేవాళ్లు.

"బెల్లం పెనంరా ఇది," అన్నాడు తారక్. "తుమ్మపాల్లో మా మావోళ్ల గానుగ కాడ నువ్వు చెయ్యి కాల్చుకున్నావు, గుర్తుందేటి బావా?"

"కాల్చుకున్నది నువ్వురా! నీ ఏడుపు చోడవరం దాకా వినబడింది."

"ఇద్దరూ ఏడిసేరు. నాను సూసేను కదా," అంది సుప్రియ.

ముగ్గురూ పడీపడీ నవ్వారు. ఏ చెయ్యి కాలిందని అడగాలనిపించింది హాసినికి. పెదాలు బిగించుకుంది.

రెండో కార్డులో మనిషంత గరిటె. అది వాళ్లకు లెక్కల మేడం బెత్తమైంది. మూడో కార్డులోని పొగ ఎప్పుడో కాలిన సైకిల్ షాపైంది. ప్రతి కార్డూ వాళ్ల చిన్నప్పటి కబుర్లలోకే దారి తీసింది. ఆ దారిలో హాసిని ఎక్కడా లేదు.

"కళ్లతోనైనా సెప్పు సెల్లెమ్మా," అన్నాడు తారక్. ఆమె కళ్లు దించుకుంది.

ఏడో వంతులో లోహిత్ తొడ చరిచాడు. "మా ఆవిడ మనసు నాకు తెలీదేటి? సైనికుడు. రాసుకోండి."

అని స్నేహితుల మెప్పు కోసం వాళ్ల వైపు చూశాడు. హాసిని వైపు చూడలేదు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఓడిపోయేం!" గెలిచినంత సంబరంగా అరిచారు. ఎవరో ఫ్యాను వేశారు. కార్డులన్నీ ఎగిరాయి. మాటలు రోలుగుంటలో ఎవరిదో నిశ్చితార్థం మీదికి మళ్లాయి. హాసిని బల్ల కింద దూరి కార్డులు ఏరింది. ఆట అయిపోయింది కాబట్టి ఇక మాట్లాడవచ్చు. ఎవరితో, ఏమనో తోచలేదు.

కాసేపటికి తారక్, సుప్రియ కిందికి దిగారు. సాగనంపడానికి లోహిత్ కూడా వెళ్లాడు. ఖాళీ గదిలో ఆమె బొమ్మల్ని పెట్టెలో సర్దుతుంటే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. సుప్రియ ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడింది.

"ఏటమ్మా, అసలుది అడగడం మర్చిపోయేను. నిన్ను సంపినోడెవడు?"

"వంటవాడక్కా." గంట తర్వాత పలికిన గొంతు హాసినికే కొత్తగా వినిపించింది.

"వంటోడా! పెనం, గరిటె... మా బుర్రలు తగలెయ్య! ఎందుకు సంపేడు?"

ఆటలో ఎందుకన్నది లేదు. నియమాల పుస్తకంలో లేదు. హాస్టల్లోనూ ఎవరూ అడగలేదు.

కింద తారక్ హారన్ కొట్టాడు.

"ఉండండి, దెయ్యంతో మాటాడతన్నాను!" అని కేకేసి, సుప్రియ చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. చల్లారిన పునుగొకటి నోట్లో వేసుకుని కింద చతికిలబడింది.

"ఊఁ, సెప్పు."

"కూరలో ఉప్పు లేదన్నానక్కా," అంది హాసిని, ఆమె పక్కనే కూర్చుంటూ.