క్యారెట్ చేను మీద చీర

జంగమ్మకు కోపం వస్తే ఆ ఇంట్లో కోడి కూడా కూయదు. ఆ రోజు తెల్లవారుతూనే వచ్చింది.

చిన్న మంగళారంలో ఆమెకున్నది ఇరవై గుంటల క్యారెట్ చేను. ఆకుమాడు తెగులు తగిలింది. మధ్యాహ్నానికి వాన ఉందని ఫోన్లన్నీ చెబుతున్నాయి. ఆలోపు మందు ఆకుకు పట్టి ఆరకపోతే పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. డ్రోన్‌తో మందు కొట్టే మనోజ్ఞ ఏడింటికే వచ్చింది. ఎనిమిదిన్నరకు ఆ పిల్ల ఎంకపల్లిలో ఇంకో చేను దగ్గర ఉండాలి. తీరా చూస్తే ఆకుల నిండా మంచు. ఎండ జాడే లేదు.

"కొట్టు బిడ్డా, ఏమైతది," అన్నాడు జంగమ్మ మొగుడు యాదయ్య.

"ఏమైతదా? పోయినసారి మంచు మీదనే కొట్టిపిస్తివి. మందంత కారి మట్టిల కలిసింది. మట్టికొచ్చిందా రోగం?"



"నిజమే అవ్వా, తడి మీద మందు నిలవదు," అంది మనోజ్ఞ. "కానీ ఎండొచ్చేదాక నేను ఆగలేను."

జంగమ్మ గబగబా ఇంట్లోకి పోయి రెండు పాత నూలు చీరలు తెచ్చి కొసకు కొస ముడేసింది. ఒక చివర మొగుడి చేతిలో పెట్టింది.

"పట్టు. ఆకుల మీదికెల్లి మెల్లగ గుంజుకుంట నడు. మొక్కలు తొక్కకు."

"ఊరోళ్లు చూస్తే నవ్వుతరే!"

"నవ్వనీ. నవ్వితే పంట ఎండదు."

నవ్వారు కూడా. పక్క చేను జైపాల్ బండి ఆపి, "ఊరేగింపా అన్నా?" అని అరిచాడు. యాదయ్య తల ఎత్తలేదు. చీర తడిసి బరువెక్కగానే ఇద్దరూ మెలితిప్పి పిండడం, మళ్లీ నడవడం. మూడో తడవకు యాదయ్యకు హుషారొచ్చింది. "నడువు, నడువు," అంటూ పెళ్లాన్నే తొందరపెట్టాడు. జంగమ్మ పడీపడీ నవ్వింది. ఇద్దరూ కలిసి చేనులో అట్లా నవ్వి ఎన్నేళ్లయిందో!

మిగిలిన తడి మీద మనోజ్ఞ డ్రోన్‌ను మందు లేకుండా ఉత్తగానే ఒకసారి తిప్పింది. ఆ గాలికి చివరి చుక్కలూ రాలిపోయాయి. జంగమ్మ అరచేత్తో ఆకులు నిమిరింది. చెయ్యి పొడిగా ఉంది.

"ఇగ కొట్టు బిడ్డా!"

పన్నెండున్నరకు వాన దంచికొట్టింది. అప్పటికే మందు ఆకు మీద ఆరిపోయింది. అయినా జంగమ్మకు మనసు నిలవలేదు. రోజూ పోయి మొక్కల మధ్య కూర్చునేది. ఎనిమిదో రోజు కొత్త ఆకులు విచ్చుకున్నాయి. ఒక్క మచ్చ లేదు. ఆమెకు ఏడుపూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి.

జైపాల్ గట్టు దాటి వచ్చాడు. అతని చేను సగం మాడింది.

"యాదన్నా, నేను గదే మందు గా పొద్దుగాలనే కొట్టిన. నీకెట్ల పనిచేసింది?"

నలభై ఏళ్ల కాపురంలో యాదయ్య నలుగురి ముందు పెళ్లాన్ని మెచ్చుకున్నది లేదు.

"నన్నడుగుతవేంది తమ్మీ? మా జంగమ్మనడుగు. ఇగ ఈ చేను ఆమె చెప్పినట్టే నడుస్తది."

జంగమ్మ విననట్టే వంగి కలుపు పీకుతోంది. ఆ సంబరంలో కలుపుతో పాటు వేలెడంత క్యారెట్లు రెండు కూడా పీకేసింది.